మన ఊరి సబ్‌జైలు ఎవరిని బాగుచేస్తోంది?

హోసూరు ప్రాంతంలో జైలు మాటెత్తితే ముందుగా గుర్తొచ్చేది పరప్పన అగ్రహారం. రాష్ట్రం వేరు, పోలీసులు వేరు. అయినా హోసూరు రోడ్డు వైపే, బెంగళూరు పొలిమేరలో ఉన్న జైలది. 2014 సెప్టెంబరు 27న జయలలితను అక్కడికి పంపినప్పుడు సరిహద్దు ఊళ్ళన్నీ ఉద్రిక్తమయ్యాయి. జయలలిత నెచ్చెలి శశికళ నాలుగేళ్ళ శిక్ష ముగించుకుని 2021 ఫిబ్రవరి 8న చెన్నైకి బయల్దేరితే హోసూరు నుంచి కృష్ణగిరి దాకా దారి పొడవునా స్వాగతాలే. టపాసులు నింపుకొచ్చిన కార్లు కృష్ణగిరి దగ్గర అంటుకుని కాలిపోయాయి కూడా. ఆమె లోపలున్నప్పుడు, 2017లో, జైళ్ళ శాఖ డీఐజీ డి.రూప ఆమెకు ప్రత్యేక వసతులు అందుతున్నాయని నివేదిక రాశారు. 2024 ఆగస్టులో అదే జైలు ఆవరణలో నటుడు దర్శన్ కుర్చీ వేసుకుని సిగరెట్టు పట్టుకుని కూర్చున్న ఫోటో బయటికొచ్చింది. ఆయన్ను బళ్ళారికి మార్చారు.

జైళ్ళ వల్ల ఎవరికి మేలన్న చర్చ మన దగ్గర ఇలాంటి ఫోటో వచ్చినప్పుడే లేస్తుంది, ఫోటో పాతబడగానే చల్లారుతుంది. లోపల రాజభోగమని కొందరంటారు, నరకమని కొందరంటారు. రెండు పక్షాలూ మాట్లాడేది పేరున్న జైలు గురించి, పేరున్న ఖైదీ గురించి. కృష్ణగిరి జిల్లాలో మామూలు మనిషిని పోలీసులు పట్టుకుంటే, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాక తీసుకెళ్ళేది హోసూరు సబ్‌జైలుకో కృష్ణగిరి సబ్‌జైలుకో. కేసు పెద్దదైతే, శిక్ష పడితే, సేలం సెంట్రల్ జైలు. జైలు మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు సేలంలో వచ్చే జవాబు ఒకటి, హోసూరులో వచ్చే జవాబు ఇంకొకటి. జైలు గురించి చెప్పుకోదగ్గ మంచి ఏదైనా ఉంటే అది శిక్ష ఖైదీల కోసం పెద్ద జైళ్ళలోనే ఉంది. జైలు గడప తొక్కేవాళ్ళలో అత్యధికులకు ఆ మంచి దక్కడం లేదు. వాళ్ళు చెడు ఒక్కటే మూటగట్టుకుని ఇంటికొస్తున్నారు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 డిసెంబరు 31న దేశంలోని 1,330 జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. ఉన్న చోటు 4,36,266 మందికే. లోపలున్నవాళ్ళలో 4,34,302 మంది, అంటే నూటికి 76 మంది, నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలు. ఈ అంకెలు అందరూ చెప్పేవే. అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది: ఇది ఏడాది ఆఖరి రోజున తీసిన తలల లెక్క. ఏడాది పొడవునా జైలు గేటు దాటి లోపలికి వెళ్ళేవాళ్ళు పదిహేను లక్షలకు పైమాటే. యావజ్జీవ ఖైదీ ఒకడు పద్నాలుగేళ్ళూ ఒక్క మనిషిగానే లెక్కలో నిలుస్తాడు. అదే పద్నాలుగేళ్ళలో సబ్‌జైలు గదిలో ఒక్క చాప పట్టే చోట వందలమంది పడుకుని లేచిపోతారు. జైలు సమాజాన్ని ఏం చేస్తోందో తెలియాలంటే చూడాల్సింది ఆ చాప మీద పడుకుని పోయినవాళ్ళ బతుకులు.

సబ్‌జైలన్నది తాలూకా కేంద్రంలో, కచేరీకీ కోర్టుకీ అందుబాటులో ఉండే చిన్న జైలు. మనిషిని వాయిదా దాకా అట్టిపెట్టడానికి దాన్ని కట్టారు, మార్చడానికి కాదు. రిమాండు ఖైదీ చేత బలవంతంగా పని చేయించకూడదు, ఎందుకంటే అతని నేరం రుజువు కాలేదు. నియమం న్యాయమైనదే. కానీ ఆ నియమానికి రెండో వైపు కూడా ఉంది: పని లేదు కాబట్టి కూలి లేదు, నేర్చుకునేదీ లేదు. సెంట్రల్ జైలులో మగ్గాలుంటాయి, బేకరీలుంటాయి, దూరవిద్య పరీక్షలుంటాయి. చేసిన పనికి కూలి వస్తుంది, అందులో ఒక వాటా బాధితుల నిధికి పోతుంది. సబ్‌జైలులో పొద్దున ఒక తలల లెక్క, సాయంత్రం ఒక తలల లెక్క, మధ్యలో గోడను చూస్తూ కూర్చోవడం.

అలాగని జైళ్ళే వద్దనే మాట నేను అనను. 2018 నవంబరులో శూళగిరి ప్రాంతానికి చెందిన ఒక యువ దంపతుల్ని, కులం మీరి పెళ్ళి చేసుకున్నందుకు, హోసూరు నుంచి తీసుకెళ్ళి చంపి కావేరిలో పడేశారు. అరెస్టయినవాళ్ళు ఆ అమ్మాయి తండ్రి, బంధువులు. అలాంటి నేరం చేసినవాళ్ళను ఊళ్ళోనే తిరగనిస్తే ఇంకో జంట గడప దాటి బయటికి రాగలదా? హంతకుడికీ, ఆడపిల్లల మీద చెయ్యి వేసేవాడికీ, ఊరి జనానికీ మధ్య గోడ ఉండాలి. జైలు చేసే ఈ ఒక్క మేలును తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు బాధితుల ఇళ్ళకు వెళ్ళి ఆ మాటే చెప్పగలరా అన్నది నా అనుమానం.

చిక్కేమిటంటే, ఈ మేలును చూపించి మిగతా జైలు మొత్తాన్నీ సమర్థించుకోవడం మనకు అలవాటైంది. భయం సంగతే తీసుకోండి. శిక్ష పెద్దదైతే నేరం తగ్గుతుందని మనవాళ్ళ గట్టి నమ్మకం. హోసూరు పక్కనున్న తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రధాని అయ్యాక, 1937 అక్టోబరు 1న, దేశానికే నమూనాగా మద్యనిషేధాన్ని మొదలుపెట్టింది సేలం జిల్లాలో. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. అప్పటినుంచీ సారా ఎన్నిసార్లు నేరమైందో, ఎన్నిసార్లు ప్రభుత్వ ఆదాయమైందో ఈ ప్రాంతపు ముసలివాళ్ళను అడిగితే చెబుతారు. 1982లో వచ్చిన తమిళనాడు గూండా చట్టం అసలు పేరులో మొట్టమొదట వచ్చేది గూండాలు కాదు, దొంగసారా కాసేవాళ్ళు. ఆ చట్టం కింద విచారణ లేకుండానే ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. ఇన్ని ఉన్నా 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో కల్తీసారా అరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ నెల తిరక్కుండానే శాసనసభ చట్టాన్ని సవరించి, సారా వల్ల చావు జరిగితే యావజ్జీవం దాకా వెయ్యొచ్చని రాసింది. దొరకననే ధైర్యంతో, దొరికినా కొనుక్కోవచ్చనే ధీమాతో కాసేవాడు పదేళ్ళకూ యావజ్జీవానికీ తేడా చూసి పొయ్యి ఆర్పుతాడా? భయం పుట్టించేది పట్టుబడడం ఖాయమన్న నమ్మకమే కానీ శిక్ష నిడివి కాదు. నిడివి పెంచడానికి శాసనసభకు ఒక్క రోజు చాలు. పట్టుబడడం ఖాయం చేయాలంటే ఠాణా నుంచి కచేరీ దాకా అన్నీ మారాలి.

ఇప్పుడు హోసూరు సబ్‌జైలు సంగతికొద్దాం. హోసూరు ఫ్యాక్టరీల ఊరు. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్‌లతో మొదలైన సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టూ ఇవాళ ఒడిశా, జార్ఖండ్, బిహార్ కుర్రాళ్ళు ఒక్కో గదిలో ఐదారుగురు చొప్పున ఉంటున్నారు. కుప్పం వైపు నుంచి, డెంకణికోట పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే మన తెలుగు కుర్రాళ్ళు సరేసరి. ఎక్కువమందికి కాంట్రాక్టు కొలువే. రాబడి రోజుకూలే. వీళ్ళలో ఒకడు శనివారం రాత్రి టీకొట్టు దగ్గర కొట్లాటలో ఇరుక్కున్నాడనుకుందాం. సోమవారానికి రిమాండు. బుధవారానికి కాంట్రాక్టరు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. వారం తిరిగేసరికి జామీను మంజూరవుతుంది. కానీ జామీను మంజూరు కావడం వేరు, బయటికి రావడం వేరు. ఇద్దరు పూచీదారులు కావాలి, వాళ్ళకు ఇక్కడే ఆస్తి ఉండాలి, దానికి కాగితాలు చూపాలి. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవాడికి హోసూరులో పొలం పట్టా ఉన్న చుట్టం ఎక్కణ్ణుంచి వస్తాడు?

ఈ ప్రశ్నను సుప్రీంకోర్టులో వి.ఆర్. కృష్ణయ్యర్ 1978లోనే వేశారు. మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి మేజిస్ట్రేటు పదివేల పూచీ అడిగాడు. అన్న పూచీ ఇస్తానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసేశాడు. ఆ తీర్పులో కృష్ణయ్యర్ ఉదాహరణకు తీసుకున్నది మనల్నే. మలయాళీనో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో పోర్ట్ బ్లెయిర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న పూచీదారును ఎలా తెస్తాడని నిలదీశారు. మూడు భాషలు మాట్లాడే హోసూరు బస్టాండును చూసి రాసినట్టుంటుంది ఆ వాక్యం. 2023 జనవరిలో అదే కోర్టు మళ్ళీ చెప్పింది: జామీను ఇచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవల సంస్థకు కబురు చెయ్యాలి. నెల దాటినా పూచీ చూపలేకపోతే షరతులు సడలించే సంగతి ఆలోచించాలి. స్థానిక పూచీదారే కావాలని పట్టుబట్టవద్దు. అదే ఏడు కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం పెట్టింది. జామీను సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి 25,000 దాకా ప్రభుత్వమే కట్టేలా అప్పుడు రాశారు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను ఇంకో అడుగు ముందుకేసింది. ఇంతకుముందెన్నడూ శిక్ష పడనివాడు ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే వదిలెయ్యాలి. దరఖాస్తు చెయ్యాల్సిన బాధ్యతను కూడా జైలు సూపరింటెండెంటు మీదే పెట్టింది.

చట్టానికి కరుణ లేదని అనడానికి లేదు. కానీ దాని రాతలో మెలికలున్నాయి. 479వ సెక్షను ఒకటికి మించి కేసులున్నవాడికి వర్తించదు. పేదవాడికి రెండో కేసు తగిలించడం ఠాణాలో ఎంతసేపు? ఇక పథకం డబ్బును జిల్లా కమిటీ మంజూరు చెయ్యాలంటే ఎవరో ఒకరు ఆ ఖైదీ తరఫున కాగితం కదపాలి. తమిళంలో రాసిన రిమాండు కాగితం చదవలేని ఒడియా కుర్రాడికీ, వేపనపల్లి పక్క తెలుగు పల్లె రైతుకూలీకీ ఆ ఎవరో ఒకరు దొరకడమే కష్టం.

సరిహద్దుకు అవతల మన తెలుగు జైళ్ళు ఇటువైపు మనుషుల్ని ఎలా చూశాయో కూడా చెప్పుకోవాలి. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారుల్ని ఎర్రచందనం ముఠా చంపింది. ఘోరమే. ఆ కేసులో తమిళనాడు కొండప్రాంతాల కూలీలు దాదాపు మూడు వందల మందిని పట్టుకొచ్చి జైళ్ళలో పెట్టారు. చాలామంది రెండేళ్ళకు పైగా లోపలే ఉన్నారు. 2016లో తిరుపతి కోర్టు వాళ్ళను నిర్దోషులని వదిలేసింది. ఆ రెండేళ్ళు ఎవరికి మేలు చేశాయి? చనిపోయిన అధికారుల కుటుంబాలకు హంతకులెవరో తెలియలేదు. అడవికి రక్షణ రాలేదు, నరికించిన వ్యాపారికి ఇంకో వందమంది కూలీలు దొరికారు. ఆ కూలీలు వచ్చిన జవ్వాదు కొండల్లో మాత్రం అప్పు మీద అప్పు పెరిగింది, పిల్లలు బడి మానేశారు. మధ్యలో 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో ఇరవైమంది కూలీలు పోలీసు కాల్పుల్లో పోయారు. వాళ్ళలో ధర్మపురి జిల్లావాళ్ళూ ఉన్నారు. మన పత్రికలు ఈ మనుషుల్ని ఏళ్ళ తరబడి తమిళ స్మగ్లర్లు అనే రాశాయి. కోర్టు నిర్దోషులన్నాక ఆ మాట ఏ పత్రికా వెనక్కి తీసుకోలేదు.

జైలుకు ఎవరు పోతారన్నది చేసిన నేరాన్ని బట్టే కాదు, పుట్టిన కులాన్ని బట్టి కూడా తేలే దేశం మనది. 2023 జూన్‌లో కృష్ణగిరి జిల్లా పులియాండపట్టి కురవర్లు, ఆడవాళ్ళతో సహా, చిత్తూరు పోలీసులు తమను దొంగతనం పేరుతో ఎత్తుకెళ్ళి హింసించారని ఫిర్యాదు చేశారు. పోలీసులు కాదన్నారు. తమిళ కురవర్లూ మన ఎరుకలవాళ్ళూ ఒకే వేరు నుంచి వచ్చినవాళ్ళు. బ్రిటిషు నేరస్థ జాతుల చట్టం కింద ఆ రెండు పేర్లూ ఠాణా రిజిస్టర్లకెక్కాయి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలోనే ముక్తిఫౌజు (సాల్వేషన్ ఆర్మీ) చేతుల మీదుగా వెలిసింది. ఆ కాలంలో జైలుకెళ్ళిన పెద్దలూ ఉన్నారు. 1921 డిసెంబరులో రాజాజీ వెల్లూరు జైలుకెళ్ళి, మూడు నెలల శిక్షలో దినచర్య రాసుకున్నారు. దాదాపు అదే రోజుల్లో ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులోనే 'మాలపల్లి' నవల రాశారు. జైలు మనిషిని మహర్షిని చేస్తుందనేవాళ్ళు ఇలాంటి పేర్లనే చెబుతారు. వాళ్ళకు బయట ప్లీడరు వృత్తీ, బారిష్టరు పట్టా, దేశమంతటి గౌరవమూ ఉన్నాయన్న సంగతి మరచిపోతారు. ఉన్నవ మాత్రం మరచిపోలేదు. ఆ నవలలో రామదాసు కుటుంబానికి జైలూ సెటిల్‌మెంటూ రెండూ తప్పవు.

నేరస్థ జాతుల చట్టం 1952లోనే పోయింది. జైలు నియమావళుల్లో మాత్రం దాని భాష మిగిలిపోయింది. ఏ కులంవాడు వంట చెయ్యాలి, ఏ కులంవాడు పాయిఖానా కడగాలి, ఏ సంచారజాతివాణ్ణి నమ్మకూడదు అనే రాతల్ని 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు వేలెత్తి చూపిన రాష్ట్రాల్లో తమిళనాడూ ఆంధ్రప్రదేశూ రెండూ ఉన్నాయి.

జైలు మనిషిని నిజంగా బాగుచేసిన చోట్లు లేవా? ఉన్నాయి. అందుకోసం నార్వే దాకా పోనక్కర్లేదు. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ కాలనీ ఉంది. అక్కడ శిక్ష ఖైదీలు సేద్యం చేస్తారు, పశువుల్ని చూసుకుంటారు. పారిపోవాలంటే పెద్ద అడ్డేమీ లేదు. హైదరాబాదులో చర్లపల్లి ఆరుబయలు జైలు, తమిళనాడులో శివగంగ జిల్లా పురసడై ఉడైప్పు ఇలాంటివే. చంచల్‌గూడ జైలు పెట్రోలు బంకులో ఖైదీ చేతికి డబ్బుసంచి ఇచ్చి నిలబెడతారు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన గియాసుద్దీన్ కేసులో, ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేసిన యువకుడి శిక్షను కృష్ణయ్యర్ తగ్గించి, అతనికి కించపరిచే యాంత్రిక పని కాక బుర్ర పెట్టే పని ఇవ్వాలని, కూలి కట్టాలని, పెరోలు మీద ఇంటికి పంపాలని జైలుకు చెప్పారు. పని, కూలి, నమ్మకం, ఇంటితో తెగని బంధం. మనుషుల్ని మార్చేవి ఇవే అని మన వ్యవస్థకు అర్ధశతాబ్దం నుంచీ తెలుసు.

తెలిసి కూడా ఆ నాలుగింటినీ ఎవరికిస్తున్నాం? హత్య చేసి, శిక్ష పడి, ఏళ్ళ తరబడి సత్ప్రవర్తన చూపినవాడికి. ఇవ్వాల్సిందే. కానీ సెల్‌ఫోను దొంగిలించాడన్న అనుమానంతో తెచ్చిన పంతొమ్మిదేళ్ళవాడికి తాళమేసిన గది, పక్కన అలవాటుపడిన నేరగాడు. బయటికొచ్చాక పని లేదు, గది లేదు, ఫోనులో నంబరు మాత్రం ఒకటుంది. లోపల పరిచయమైనవాడిది. ఇరవయ్యొకటి నిండనివాణ్ణి వీలైనంతవరకు జైలుకు పంపొద్దని, పంపితే కారణం రాయమని 1958 ప్రొబేషన్ చట్టం చెబుతూనే ఉంది. అది శిక్ష వేసే రోజుకు వర్తించే మాట. రిమాండు రోజున ఆ రక్షణ లేదు. శిక్ష పడితే జైలు తప్పేవాడు, శిక్ష పడకముందే జైలు చూసి వస్తున్నాడు.

కాబట్టి కృష్ణగిరి జిల్లాకు కొత్త జైలు కావాలా, ఉన్న జైలుకు కొత్త గదులు కావాలా అన్నది రెండో ప్రశ్న. ముందు లోపలికి పోయే దారిని ఇరుకు చెయ్యాలి. ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులోనే చెప్పింది. రిమాండు రాసే మేజిస్ట్రేటు పోలీసు చూపిన కారణాన్ని నిజంగా చదివితే సగం రద్దీ ఠాణా దగ్గరే ఆగుతుంది. కొత్త న్యాయసంహితలో ఐదువేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొత్తు తిరిగిచ్చినవాడికి శిక్ష సమాజసేవ మాత్రమే, జైలు లేదు. తాగి వీధిలో గొడవ చేసినవాడికీ ఆ వెసులుబాటుంది. ఆ శిక్షను అమలు చెయ్యాలంటే ఆసుపత్రిలోనో మునిసిపాలిటీలోనో పని చూపించేవాళ్ళుండాలి, చేశాడో లేదో చూసే ప్రొబేషన్ అధికారి ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే మేజిస్ట్రేటు కలం పాత అలవాటు చొప్పున రిమాండు వైపే పోతుంది. హోసూరులో తెలుగు, కన్నడం, ఒడియా, హిందీ వచ్చిన పారాలీగల్ వలంటీర్లను న్యాయ సేవల సంస్థ సబ్‌జైలుకు వారానికోసారి పంపగలదు. పెద్ద ఖర్చేమీ కాదు. తెలుగు సంఘాలు బడిలో తెలుగు కోసం చేసిన పోరాటంలో పదో వంతు పట్టుదల, రిమాండు కాగితం మనవాడికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించడం కోసం చూపినా చాలు.

ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి, కలెక్టరు, ఎస్పీ ఉండే విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ఒకటుంది. అది మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. వచ్చేసారి కూర్చున్నప్పుడు, జామీను మంజూరై కూడా పూచీదారు లేక లోపలే ఉన్నవాళ్ళు హోసూరులో ఎందరో, కృష్ణగిరిలో ఎందరో, ఆ రెండు అంకెలనూ కలెక్టరేటు నోటీసు బోర్డు మీద అంటించమని అడగాలి. పేర్లు అక్కర్లేదు. ఒక్కొక్కరు లోపలున్న రోజులెన్నో, అడిగిన పూచీ ఎంతో పక్కనే రాస్తే చాలు.